పెంకి పచ్చిపాఠం

అనగనగా ఒక అడవిలో, వేసవి వస్తే వాగు ఎండిపోయే చోట, పెంకి అని ఒక అలుగు పిల్ల ఉండేది. అలుగు తెలుసుగా? సన్నటి ముక్కు, పొడుగాటి తోక, ఒంటి నిండా పెంకుల్లాంటి పొలుసులు. చీమల్ని, చెదపురుగుల్ని తింటుంది. భయమేస్తే ముడుచుకుని బంతిలా అయిపోతుంది. ఒంటి మీద పెంకులున్నాయని వాళ్ళమ్మ ముద్దుగా పెంకి అని పిలుచుకుంది. మొండితనం కూడా కాస్త ఉందిలెండి, అది మీకే తెలుస్తుంది.

అలుగులు రాత్రిపూట కదా తిరిగేది అని నన్ను అడక్కండి. నా కథలో పగలే తిరుగుతాయి.

ఆ అడవిలో చదువులు రెండు రకాలు. మామూలు చదువు అందరూ చదవాల్సిందే. తిండి ఎక్కడ దొరుకుతుంది, పులి వాసన ఎలా ఉంటుంది, ఉరుములొస్తే ఎక్కడ దూరాలి, ఇలాంటివి. అది అయ్యాక, ఇష్టమున్నవాళ్ళకి పెద్ద చదువు. పెద్ద చదువంటే ఎవరో చెప్పింది విని తలూపడం కాదు. అడవిలో ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకోవాలి. దాని జవాబు నువ్వే వెతకాలి. వెతికిందంతా వాగు ఇసుక మీద రాళ్ళతో, పుల్లలతో పరిచి నలుగురికీ చెప్పాలి.

అలుగుల్లో అంతవరకు పెద్ద చదువుకి వచ్చినవాళ్ళే లేరు. పెంకే మొదటిది. "మన పిల్ల పెద్ద చదువు చదువుతోందర్రా!" అని కొండ అవతలి అలుగులు కూడా మురిసిపోయాయి. ఎదురైన ప్రతివాళ్ళూ "మన పరువంతా నీ చేతుల్లోనే ఉందమ్మా" అనేవాళ్ళు. మంచి మాటే. కానీ వింటున్న కొద్దీ పెంకి మెడ మీద బరువు పెరిగిపోతోంది.

ఇంతకీ పెంకి పట్టుకున్న ప్రశ్న ఏమిటో తెలుసా? "వాగు ఎండిపోయాక నీళ్ళు ఎటు పోతాయి?"

చిన్న ప్రశ్నలా ఉంది కదూ? చెప్పండి చూద్దాం మీరు! వేసవిలో ఆ వాగంతా ఉట్టి ఇసుకే. కొండ కింద ఒక్క మడుగు మాత్రం మిగిలేది, వానలొచ్చేదాకా అందరూ అక్కడే తాగాలి. ఇసుకలో కొన్ని చోట్ల తవ్వితే చెలమ ఊరుతుంది. పక్కనే నాలుగడుగుల దూరంలో తవ్వితే చుక్క ఉండదు. ఎందుకలాగ? తాతల కాలం నుంచీ ఎవరికీ తెలీదు. అదృష్టం అనుకుని ఊరుకున్నారు.

పెంకికి చదువు చెప్పే మాస్టారు ఒక ముసలి ఏదుపంది. పేరు సూదయ్య. ఒంటి నిండా ముళ్ళు, మాటలోనూ ముళ్ళే. తన దగ్గర చదివేవాళ్ళ గురించి వెనకాల తెగ గొప్పలు చెప్పుకునేవాడు. ఎదురుగా మాత్రం ఒక్క మంచి మాట అని ఎరగడు. అలాంటి మాస్టార్లు మీకూ తగులుతారు, చూస్తూ ఉండండి.

సూదయ్య మాస్టారి దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. దాని పేరు పచ్చిపాఠం. పాఠం పూర్తయ్యాక కాదు, సగంలో ఉండగానే ఇసుక మీద పరిచి అందర్నీ పిలవాలి. వచ్చినవాళ్ళు చుట్టూ తిరిగి చూస్తారు. తప్పనిపించిన చోట నేరుగా కాలు పెట్టేస్తారు. "ఇదేంటి ఇక్కడ ఇలా ఉంది?" అని అడుగుతారు. చదివేవాళ్ళు జవాబు చెప్పాలి, లేదా తెలీదని ఒప్పుకోవాలి. అన్నీ దిద్దుకున్నాక అది పండుపాఠం అవుతుంది. ఒక్కరి అడుగు కూడా పడని పాఠాన్ని ఆ అడవిలో పాఠమనే అనరు.

పెంకి పనికి ఏ వంకా పెట్టలేం. పొద్దున లేస్తే వాగులోనే. ఒకచోట గోళ్ళతో తవ్వుతుంది, ముక్కు పెట్టి తడి వాసన చూస్తుంది, గుర్తు పెట్టుకుంటుంది, ఇంకోచోటికి పోతుంది. తిండి ధ్యాస ఉండేది కాదు. అలా తిరిగి తిరిగి, తెల్లరాళ్ళతో వాగు వంపులన్నీ పరిచింది. నీళ్ళున్న చోటల్లా ఒక నల్లరాయి పెట్టింది. 

సూదయ్య మాస్టారు దూరం నుంచి చూసి, "రేపు పచ్చిపాఠం పెట్టు" అన్నాడు.

సాయంత్రం పెంకి తన పాఠాన్ని మళ్ళీ చూసుకుంది. ఒక రాయి తెలుపూ కాదు, నలుపూ కాదు, బూడిద రంగులో ఉంది. దాన్ని తీసి ఇంకోటి పెట్టింది. ఇప్పుడు పక్కనున్న వంపు సరిగ్గా లేదనిపించింది. దాన్ని సర్దింది. ఆ పైదీ వంకరగా కనిపించింది. ఒకటి సర్దితే ఇంకోటి. చివరికి ఒళ్ళు మండి, తోకతో మొత్తం ఊడ్చిపారేసింది.

పొద్దున్నే మాస్టారు వచ్చి చూస్తే ఇసుక నున్నగా ఉంది.

"పాఠమేదమ్మా?"

"ఇంకా బాగా చేస్తాను మాస్టారూ. కొంచెం టైమివ్వండి."

"పచ్చిపాఠం బాగుండక్కర్లేదు. ఉంటే చాలు" అని మాస్టారు ముళ్ళు విదిలించుకుని వెళ్ళిపోయాడు.

పెంకి మళ్ళీ మొదటి నుంచి పరిచింది. ఈసారి రాళ్ళన్నీ ఒకే సైజువి ఏరుకొచ్చింది. పచ్చిపాఠం పెట్టే ముందురోజు, ఎలా చెప్పాలో చూసుకుందామని పెద్ద బండ దగ్గరికి వెళ్ళింది. పాత విద్యార్థుల పండుపాఠాలు అక్కడే దాచి ఉంచుతారు. అక్కడ నీలవేణి అనే నెమలి చేసిన పాఠం ఉంది. ఏ మబ్బు కురుస్తుంది, ఏ మబ్బు ఊరికే పోతుంది అన్నది దాని ప్రశ్న. అబ్బబ్బ, ఏం పాఠం! ఒక్క పుల్ల అటూ ఇటూ లేదు. చూస్తే కన్ను తిప్పుకోలేం.

పెంకి తిరిగొచ్చి తన రాళ్ళ వంక చూసుకుంది. "ఇది పాఠమా, కోళ్ళు కెలికిన నేలా?" అనుకుంది. మళ్ళీ తోకతో ఊడ్చేసింది.

"ఏమైందమ్మా ఈసారి?" అన్నాడు మాస్టారు.

"నీలవేణక్క పాఠం చూశాను మాస్టారూ. అలా వచ్చేదాకా నేను పెట్టను."

"నువ్వు చూసింది దాని పండుపాఠం. పచ్చిపాఠం నువ్వు చూళ్ళేదు. కాకులన్నీ దిగి చెరిగిపోశాయి. నీలవేణి చెట్టెక్కి కూర్చుని ఏడ్చింది."

"నన్ను ఓదార్చడానికి చెప్తున్నారు."

"నేనా? ఓదార్చడమా? నా మొహం చూసి చెప్పు!" అన్నాడు మాస్టారు. 

మొహం చూసింది. ఓదార్చే మొహం కాదది. అయినా పెంకి నమ్మలేదు. మనకి మన చిత్తుకాగితాలు కనిపిస్తాయి, పక్కవాళ్ళవి అచ్చయిన పుస్తకాలు కనిపిస్తాయి. పెద్ద చదువులు చదివేవాళ్ళందరికీ ఉండే తెగులే ఇది.

మూడోసారి మాస్టారు పెంకి మాట వినలేదు. తనే వెళ్ళి అందర్నీ పిలుచుకొచ్చాడు. పెంకి పాఠం పరిచి ఒక పక్కన నిలబడింది. జింకలొచ్చాయి, కోతులొచ్చాయి, కొండముచ్చులొచ్చాయి. కోరయ్య అనే అడవిపంది కూడా వచ్చింది. మనిషి... అదే, పంది మంచిదే. గొంతు మాత్రం పెద్దది.

కోరయ్య పాఠం చుట్టూ ఒకసారి తిరిగి, మూడో వంపు దగ్గర కాలు పెట్టాడు. "ఇదేంటమ్మాయ్, ఇక్కడ..."

మాట పూర్తవ్వలేదు. పెంకి చటుక్కున ముడుచుకుపోయింది. ముక్కు పొట్టలోకి, తోక ముక్కు మీదికి. బంతయిపోయి ఆ పాఠం మీదే దొర్లింది. రాళ్ళన్నీ చెల్లాచెదురు. కోరయ్య పాపం కాలు గాల్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. అందరూ కాసేపు చూశారు. బంతి విచ్చుకోలేదు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

కాసేపటికి వాళ్ళమ్మ టేకాకు డొప్పలో చెదపురుగులు పట్టుకుని వచ్చింది. బంతి పక్కన కూర్చుంది.

"లోపలున్నావా?"

"లేను."

"తిన్నావా?"

"వద్దు."

వాళ్ళమ్మ డొప్ప కింద పెట్టి పొలుసుల మీద నిమిరింది. "ఎందుకే ఇంత భయం?"

బంతి లోపల్నించి సన్నగా ఏడుపు గొంతు వచ్చింది. "అమ్మా, అలుగుల్లో నేనే మొదటిదాన్ని. నేను తప్పు చెప్తే, పెంకికి రాలేదు అనరు. అలుగులకి చదువు రాదు అంటారు. నా తర్వాత ఇంకెవర్నీ రానివ్వరు."

అలా ఎవరూ అనరులే అని వాళ్ళమ్మ అబద్ధం చెప్పలేదు. బిడ్డ పక్కనే కూర్చుని, తోక మీద పడ్డ ఇసుక దులుపుతూ ఉంది. కొన్నిసార్లు అమ్మలు చేయగలిగింది అంతే.

ఆ ఏడాది ఎండలు మండిపోయాయి. వానలకి ఇంకా చాలా రోజులుండగానే కొండ కింది మడుగు బురదైపోయింది. తర్వాత బురద కూడా పగుళ్ళు బారింది. జంతువులన్నీ కూడి మాట్లాడుకున్నాయి. రాతి గుట్టల అవతల ఒక చెరువుంది. పెద్దవాళ్ళు ఎలాగో నడిచి చేరగలరు. పిల్లలు నడవలేరు. ఆ సంగతి అందరికీ తెలుసు.

చుక్కత్త అని ఒక దుప్పి ఉండేది. దాని పిల్ల పుట్టి ఎన్నాళ్ళో కాలేదు, దాహానికి కాళ్ళు తేలిపోయి నిలబడలేకపోతోంది. చుక్కత్త పిల్లని నీడన పడుకోబెట్టి, పెంకి దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, ఇసుక కింద నీళ్ళెక్కడున్నాయో నీకు తెలుసటగా?"

"తెలుసత్తా... కానీ పూర్తిగా తెలీదు. నేను తవ్విన చెలమలన్నీ ఇంకిపోయాయి. మూడో వంపు దగ్గర తడి వాసన గట్టిగా వస్తోంది, చాలా నీళ్ళుండాలి, కానీ పైపైన తవ్వితే పొడి ఇసుకే వచ్చింది. అది తేలకుండా చెప్పలేను."

"ఎప్పటికి తేలుతుంది?"

పెంకి ఆలోచించింది. మళ్ళీ మొదటి నుంచి తవ్వాలి, వాసన చూడాలి, రాళ్ళు ఏరాలి. "వానాకాలానికి తేలుస్తాను."

చుక్కత్త కోప్పడలేదు. "వానలొచ్చాక నీళ్ళెక్కడున్నాయో నాకెందుకు తల్లీ?" అంది. అని పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

పెంకి అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ తన పాఠంలో తప్పు దొర్లితే ఏమవుతుందా అనే ఆలోచించింది. పాఠమే లేకపోతే ఏమవుతుందో ఇప్పుడు ఎదురుగా కనిపిస్తోంది. తప్పు చెప్తే అందరూ అనవసరంగా తవ్వి అలిసిపోతారు, ఆ భయం నిజమే. ఏమీ చెప్పకపోతే ఆ పిల్ల బతకదు, ఇదీ నిజమే.

"అమ్మా! మాస్టార్ని పిలువు. అందర్నీ పిలువు. కోరయ్య మామని ముందు పిలువు!" అని అరుస్తూ వాగులోకి పరిగెత్తింది.

ఈసారి రాళ్ళు ఏరలేదు. చేతికందిన రాయి పెట్టింది. నల్లదో బూడిదదో చూళ్ళేదు. దొరకని చోట ఎండుకాయలు పెట్టింది. అందరూ వచ్చేసరికి పాఠం అష్టవంకర్లు తిరిగి ఉంది. ఒక కోతి కిసుక్కున నవ్వింది. నవ్వనీండి! నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా?

పెంకి చెప్పింది. "ఇది సగం పాఠమే. ఇవి నేను తవ్వి చూసిన చోట్లు. ఈ మూడో వంపు దగ్గర నీళ్ళుంటాయని నల్లరాయి పెట్టాను, కానీ ఎందుకో నాకే నమ్మకం లేదు. ఎక్కడ తప్పో మీరే చెప్పండి."

అప్పుడు కోరయ్య గొంతు సవరించుకున్నాడు. "చెప్తే మళ్ళీ ముడుచుకుంటావేమో?"

"ముడుచుకుంటానేమో మామా. అయినా చెప్పు."

కోరయ్య నల్లరాయి మీద కాలు పెట్టాడు. "ఇది తప్పమ్మా. ఇక్కడ నీళ్ళు లేవు. ఆ రోజే చెప్పబోయాను, అంతకుముందే దుంపల కోసం నేను తవ్వాను. మోకాలి లోతులో బండ తగిలింది. ఇదిగో, కోర చివర విరిగింది చూడు."

తప్పు అనే మాట చెవిన పడగానే పెంకి ముక్కు దానంతటదే పొట్ట వైపు వంగింది. వీపు గుండ్రంగా అవ్వబోయింది. ఎంత కష్టపడి ఆపుకుందో! ఒక్కొక్క పొలుసూ అదుముకుని, తల పైకెత్తింది.

"బండా? ఎంత పొడుగుంది మామా? ఎటు నుంచి ఎటు ఉంది?"

"ఇటు నుంచి ఇటు" అని కోరయ్య కాలితో పాఠం మీద అడ్డంగా గీత గీశాడు. రాళ్ళు కదిలిపోయాయి. పెంకి వాటి వంక చూడను కూడా లేదు.

"ఆ బండకి ఎగువన ఒడ్డు మీద గడ్డి ఎండాకాలంలో కూడా పచ్చగానే ఉంటుంది. మేం మేస్తాం" అంది చుక్కత్త.

"ఎగువన నేరేడు చెట్టు కూడా ఆకు రాల్చలేదు" అంది ఇందాక నవ్విన కోతి.

పెంకి ఆ గీత చుట్టూ ఒకసారి తిరిగింది. రెండుసార్లు తిరిగింది. ఆగిపోయింది. అంతకుముందు చెలమలు తవ్వినప్పుడు అడుగున గోళ్ళకి ఏదో గట్టిగా తగలడం గుర్తొచ్చింది. ఒకచోట కాదు, నీళ్ళున్న ప్రతిచోటా.

"మాస్టారూ!" అని కేక పెట్టింది. "నీళ్ళు ఎటూ పోవట్లేదు! ఇసుక కింద మెల్లగా నడుస్తున్నాయి. బండ అడ్డం వచ్చిన చోట ఆగిపోతున్నాయి. చిన్న బండ దగ్గర కాసిని, పెద్ద బండ దగ్గర బోలెడు! నేను బండ మీద వెతుకుతున్నాను. బండకి ఎగువన వెతకాలి!"

సూదయ్య మాస్టారి ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. "తవ్వు" అన్నాడు, అంతే.

అందరూ కలిసి తవ్వారు. మొదటి గుంటలో పొడి ఇసుకే వచ్చింది. ఎవరూ తప్పు పట్టలేదు. "ఇంకాస్త ఎగువకా?" అని మాత్రం అడిగాడు కోరయ్య. రెండో గుంటలో ఇసుక చల్లగా, ముద్దగా వచ్చింది. మూడో గుంటలో పెంకి నడుం లోతు దిగింది, తల లోతు దిగింది, తోక కూడా కనిపించకుండా దిగింది. పైన అందరూ గుంటలోకి తొంగి చూస్తున్నారు.

లోపల్నించి బుడుంగుమని చప్పుడొచ్చింది. తర్వాత, "మునిగిపోతున్నాను, లాగండర్రా!" అని అరుపు.

ఓహోహో! ఏం సంబరం అది! కోరయ్య దాని తోక పట్టి లాగితే పెంకి నిలువెల్లా తడిసి బయటికొచ్చింది. వెనకే నీళ్ళు ఊరి ఊరి గుంట నిండాయి. చుక్కత్త పిల్లని నెట్టుకుంటూ తీసుకొచ్చింది. అది మూతి పెట్టి చప్పరించింది, తుమ్మింది, మళ్ళీ తాగింది. కాసేపటికి వణికే కాళ్ళ మీద లేచి నిలబడింది. రాతి గుట్టల మీదికి ఆ రోజు ఎవరూ బయలుదేరలేదు. తర్వాత కూడా ఎవరికీ ఆ అవసరం రాలేదు. పెంకి పాఠం చూసుకుంటూ వాగు పొడుగునా బండలు వెతికారు, ప్రతి బండకీ ఎగువన ఒక చెలమ తీశారు. ఆ వేసవిలో ఒక్క పిల్ల కూడా దాహానికి చావలేదు. నాకు చెప్తుంటేనే ఛాతీ ఉబ్బుతోంది, ఇక చూసినవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో మీరే అనుకోండి.

వానలొచ్చాయి. పెంకి తన పండుపాఠాన్ని పెద్ద బండ మీద పరిచింది. అందరూ చూడటానికొచ్చారు. చక్కగా ఉంది. కానీ మూడో వంపు దగ్గర ఆ తప్పు నల్లరాయి అలాగే ఉంది. దాని మీదుగా కోరయ్య గీసిన గీత కూడా అలాగే ఉంది.

నెమలి నీలవేణి అడిగింది. "అది తప్పని తేలిందిగా చెల్లీ, తీసెయ్యలేదేం?"

"తియ్యనక్కా. నేను అక్కడ తప్పాను కాబట్టే మామ కాలు పెట్టాడు. మామ కాలు పెట్టాడు కాబట్టే జవాబు దొరికింది. నా తర్వాత వచ్చేవాళ్ళు ఇది కూడా చూడాలి" అంది పెంకి.

సూదయ్య మాస్టారు పాఠమంతా తిరిగి చూసి, "ఆ చివరి పుల్ల కొంచెం వంకరగా ఉంది" అన్నాడు. కానీ చెట్టు చాటుకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం కోతులు చూశాయి. కోతులు చూశాక ఇంకేముంది, పొద్దుగూకేలోపు అడవంతా తెలిసిపోయింది.

ఇక పెంకి వాళ్ళమ్మ సంగతి వినండి. కొండ అవతలికి వెళ్ళి, అక్కడున్న అలుగుల్ని పిల్లాజెల్లాతో సహా వెంటబెట్టుకొచ్చింది. అందర్నీ బండ చుట్టూ నిలబెట్టింది. చుట్టూ చేసిన చక్కటి పని ఒక్కటీ చూపించలేదు. నేరుగా మూడో వంపు దగ్గరికి తీసుకెళ్ళి, గోరు పెట్టి చూపించింది.

"ఇదిగో, బాగా చూడండర్రా! ఈ నల్లరాయి! మా పెంకి చేసిన తప్పు ఇదే! అడవి మొత్తానికి నీళ్ళిచ్చిన తప్పు! ఇంత మంచి తప్పు మన వంశంలో ఎవరైనా చేశారా?"

వెనకనున్న అలుగు పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ముందుకొచ్చాయి. "అత్తా, మేం కూడా పెద్ద చదువు చదువుతాం" అన్నాయి.

నీతి: తప్పు లేకుండా చేద్దామని దాచుకున్న పని ఎవరి దాహమూ తీర్చదు, సగంలో ఉన్నా నలుగురి ముందు పెట్టి, తప్పు దిద్దుకున్నవాళ్ళ చదువే గర్వపడదగ్గ చదువు.